సున్నా వాన, తెలియని వాన

వర్షపాతం పట్టికలో సున్నా ఒక కొలత. ఖాళీ గడి అంటే ఆ రోజు ఎవరూ కొలవలేదని. పడమటి కనుమల వాననీడలో ఉండి, తూర్పు తీరానికీ దూరమైన అనంతపురానికి ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దరిదాపు. పట్టికలో ఎటు చూసినా సున్నాలే. కొలిచే మనిషి రాని రోజో, పరికరం మొరాయించిన రోజో ఆ సున్నాల్లో కలిసిపోతే ఆనవాలు దొరకదు. మార్కుల జాబితాలో పరీక్షకు రాని పిల్లవాడికీ సున్నా తెచ్చుకున్న పిల్లవాడికీ ఒకే గుర్తు వేసినట్టుంటుంది.

కొన్ని పట్టికల్లో దొరకని కొలతకు మైనస్ 99.9 అని వేసే అలవాటు ఉంది. అది ఉత్త గుర్తేనని చెప్పకపోతే కంప్యూటర్ దాన్నీ కూడేస్తుంది. 550 కురిసిన ఏడాదిలో అలాంటి గడి ఒక్కటుంటే మొత్తం 450.1కి దిగుతుంది. అనంతపురంలో 450 అంటే ఎవరూ ఉలిక్కిపడరు, మళ్ళీ కరువొచ్చిందని నమ్మేస్తారు. మైనస్ 999 వేసినా నయమే. మొత్తం సున్నా కన్నా కిందికి పోయి గుట్టు దానంతటదే బయటపడుతుంది.

ఇలాంటి లెక్కలకు శాస్త్రవేత్తలు విరివిగా వాడే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ ఒకటి. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీన్ని మొదలుపెట్టారు. గణాంకవేత్తల చేతుల్లో పెరిగింది కాబట్టి తెలియని విలువకు ఇందులో ప్రత్యేకమైన గుర్తే ఉంది: ఎన్‌ఏ. నెలలో ఒక్క రోజు ఎన్‌ఏ ఉన్నా, సగటు అడిగితే జవాబు ఎన్‌ఏ అనే వస్తుంది. కొత్తవాళ్ళకు ఇది చికాకు. నాకైతే ఇంతకన్నా నిజాయితీ గల జవాబు తోచదు. ఖాళీలు వదిలేసి సగటు కట్టాలంటే ఆ మాట మనం విడిగా చెప్పాలి.

పట్టిక పెద్దదైతే పేచీలు పెరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయేదాకా అనంతపురం జిల్లాలో 63 మండలాలు. మండలానికో ఫైలు పెట్టుకుని వరసగా లెక్క నడుపుతుంటే నలభయ్యో ఫైలు తెరుచుకోలేదనుకుందాం. ఆర్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది, మిగతా 23 మండలాల జోలికే పోదు. గోటితో పోయేదానికి గొడ్డలి! ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది ఆర్‌లోని ట్రైక్యాచ్ అనే సాధనం. ఈ పని చేసి చూడు, కుదరకపోతే ఫలానాది చెయ్యి అని దానితో చెప్పవచ్చు.

ఆ ఫలానాది ఏమిటన్న దగ్గరే చాలామంది సున్నా పెట్టి చేతులు దులుపుకుంటారు. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్ర అక్షరాలు కనబడవు, అందరికీ హాయి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేలేది వాతావరణ కేంద్రంలో నమోదైన కొలతను బట్టి. ఎండిన వేరుశనగ చేను సాక్ష్యానికి రాదు. తెలియని వానను సున్నా అంటే కురిసిన చోట కరువు పుట్టుకొస్తుంది, సగటుతో పూడిస్తే నిజమైన కరువు మాయమవుతుంది. అక్కడ పెట్టవలసింది ఎన్‌ఏ. దాని పక్కన మండలం పేరు, ఎర్రర్‌లో వచ్చిన వాక్యం కూడా ఉండాలి.

ట్రైక్యాచ్‌తో ఒక చిక్కుంది. ఎర్రర్‌నో హెచ్చరికనో పట్టుకోగానే చేస్తున్న పనిని అక్కడే వదిలేసి బయటికొస్తుంది. ఫైలే తెరుచుకోనప్పుడు అది సబబే. ఒక గడిలో 12.5 బదులు ‘జల్లు’ అని రాసి ఉంటే? అంకెగా మార్చమంటే ఆర్ అక్కడ ఎన్‌ఏ పెట్టి, హెచ్చరించి, ముందుకు సాగుతుంది. ఆ హెచ్చరికను ట్రైక్యాచ్‌తో పట్టుకుంటే ఒక్క జల్లు కోసం ఏడాది పట్టికంతా పోతుంది. ఇందుకు విత్‌కాలింగ్‌హ్యాండ్లర్స్ అని మరో సాధనం ఉంది (పేరు నోరు తిరగదు గానీ పనితనం సొగసైనది). హెచ్చరిక పుట్టిన చోటే మనం రాసిపెట్టిన ఫంక్షన్‌ను (ఒక పని చేసే చిన్న ప్రోగ్రామ్ ముక్కను) పిలిచి, వివరం రాసుకోనిచ్చి, లెక్కను ఆగిన చోటి నుంచే సాగనిస్తుంది. కామన్ లిస్ప్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఫైలు చదివే ఫంక్షన్‌కు ఈ లెక్క బీమా కోసమో బడి ప్రాజెక్టు కోసమో తెలియదు. దాన్ని పిలిచిన ప్రోగ్రామ్‌కు తెలుసు కనుక హెచ్చరికను ఏం చేయాలన్న నిర్ణయం అక్కడే జరగాలి. అయితే ఏ గడిలో తేడా వచ్చిందో హెచ్చరిక చెప్పదు. మార్చకముందు ఏదో రాసి ఉండి, మార్చాక ఎన్‌ఏ అయిన గడులను మనమే వెతకాలి.

అనుమానం వచ్చినదాన్ని చెరిపేయకుండా గుర్తు వేసి ఉంచడం ఓజోన్ విషయంలో ఎంతో కలిసొచ్చింది. నింబస్-7 ఉపగ్రహం పంపిన కొలతల్లో 180 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్‌ను కొలిచే ప్రమాణం) కన్నా తక్కువ ఉన్నవాటికి నాసా ప్రోగ్రామ్ అనుమానపు గుర్తు వేసేది. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఓజోన్ తరిగిపోతోందని ప్రకటించారు. నాసా ప్రోగ్రామ్ ఆ కొలతలను పారేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు. అవి భద్రంగా ఉన్నాయి కాబట్టే ఓజోన్ రంధ్రం ఎంత మేర పరుచుకుందో 1986లో చూపగలిగారు.

ఆర్ మామూలుగా హెచ్చరికలను చివరిదాకా పోగుచేసి ఉంచుతుంది, అదీ మొదటి 50 మాత్రమే. మండలానికొకటి చొప్పున వచ్చినా చివరి 13 మండలాలవి పోయినట్టే. వార్న్ అనే అమరికను 1 చేస్తే ప్రతి హెచ్చరికా అప్పటికప్పుడే కనిపిస్తుంది. 2 చేస్తే హెచ్చరికే ఎర్రర్‌గా మారి లెక్క ఆగిపోతుంది. పట్టికలు శుభ్రం చేసుకునేటప్పుడు 1 చాలు. పరిహారం తేల్చే చివరి లెక్కకు నేనైతే 2 పెడతాను.