కిరణజన్య సంయోగక్రియ: పేర్లు విని మోసపోయిన అపోహలు, ఆకులో అసలు జరిగేది

ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ప్రతి ఏడూ క్లాసులో అవే తప్పులు, పేపర్లు దిద్దేటప్పుడు అవే తప్పులు, ఇక పెద్దవాళ్లు వాట్సాప్‌లో పంపేవి అయితే చెప్పక్కర్లేదు. చూడగా చూడగా నాకు తెలిసిందేంటంటే సగం తప్పులు పిల్లలవి కావు, మనం పెట్టిన పేర్లవీ మనం కుదించి చెప్పిన వాక్యాలవీ. పేరు వింటారు, ఏదో ఊహించుకుంటారు, అదే రాసేస్తారు.

అపోహ: చెట్టు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి దాంట్లోంచే ఆక్సిజన్ తీసి వదులుతుంది

"కార్బన్ డయాక్సైడ్ పీలుస్తుంది, ఆక్సిజన్ వదులుతుంది" అని చిన్న క్లాసులోనే చెప్పేస్తాం కదా, మరి విన్నవాడు కార్బన్ ఉంచుకుని మిగతాది బయట పడేస్తుందేమో అనుకుంటే వాడి తప్పేముంది. ఒకప్పుడు సైంటిస్టులూ అలాగే అనుకున్నారు. వాన్ నీల్ అనే ఆయనకి గంధకం బ్యాక్టీరియాని చూసి డౌటు వచ్చింది, అవి నీళ్లకి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడుకుంటాయి, వాటి నుంచి ఆక్సిజన్ రాదు, గంధకం వస్తుంది. అలాగైతే మొక్కలో విరిగేది నీళ్లే అయుండాలి కదా! 1941లో రూబెన్, కామెన్ వాళ్లు బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీళ్లని క్లోరెల్లా అనే నాచుకి ఇచ్చి చూశారు, బయటికొచ్చిన గ్యాస్‌లో ఆ బరువు ఆక్సిజనే దొరికింది.

విరిగేది ఎక్కడంటే క్లోరోప్లాస్ట్ (ఆకు కణంలో ఈ పనంతా జరిగే ఆకుపచ్చ సంచి) లోపల అట్లు దొంతర పెట్టినట్టు పేర్చిన పొరల్లో, వాటినే థైలకాయిడ్‌లు అంటాం. అక్కడ నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం ఉన్న చిన్న గుంపు రెండు నీటి అణువుల్ని విరగ్గొట్టి ఒక ఆక్సిజన్ అణువుని వదులుతుంది, ఎలక్ట్రాన్లు పొర వెంట చేతులు మారుతూ పోతాయి, ప్రోటాన్లు పొర లోపలి వైపు పోగుపడతాయి, అవి బయటికి రావడానికి దారి ఒక్కటే, అక్కడ ఏటీపీని (కణం పనులకి శక్తినిచ్చే సరుకు) తయారుచేసే ఎంజైము విసుర్రాయిలాగా తిరుగుతుంది. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా ఇష్టమైన ప్రయోగం ఇక్కడే ఉంది: 1966లో జాగెండార్ఫ్, యురిబే అనేవాళ్లు పాలకూర క్లోరోప్లాస్ట్ పొరల్ని ముందు ఆమ్లంలో నానబెట్టి తర్వాత ఒక్కసారిగా క్షారంలోకి మార్చారు, కటిక చీకట్లోనే ఏటీపీ తయారైంది! అంటే ఏటీపీ చేసే ఎంజైముకి వెలుతురుతో నేరుగా పని లేదు, లోపలికీ బయటికీ మధ్య ప్రోటాన్ల తేడా ఉంటే చాలు. ఆకులో ఆ తేడాని తెచ్చిపెట్టేది వెలుతురు.

అపోహ: నిష్కాంతి చర్య రాత్రిపూట జరుగుతుంది

ఈ పేరు పెట్టినవాళ్లు ఎవరో గానీ నా పిల్లల మార్కులు తినేశారు. పగలు కాంతి చర్య (పైన చెప్పిన నీళ్లు విరిగి ఏటీపీ తయారయ్యే భాగం), రాత్రి నిష్కాంతి చర్య (కార్బన్ డయాక్సైడ్‌తో చక్కెర చేసే భాగం) అని షిఫ్ట్ డ్యూటీలాగా రాస్తారు ప్రతి ఏడాది. నిష్కాంతి చర్యకి వెలుతురు నేరుగా అక్కర్లేదన్న మాట నిజమే, కానీ దీనికి కావాల్సిన ఏటీపీ, ఎలక్ట్రాన్లని మోసుకొచ్చే ఎన్ఏడీపీహెచ్ వచ్చేది కాంతి చర్య నుంచే, అవి నిల్వ ఉండే సరుకు కాదు. పైగా ఇందులో కొన్ని ముఖ్యమైన ఎంజైములు వెలుతురు పడితేనే ఆన్ అవుతాయి, థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్ వాటికి స్విచ్చి, చీకటి పడగానే ఆఫ్. కాబట్టి మామూలు ఆకులో ఇది పట్టపగలు జరిగే పనే. కాల్విన్ చక్రం అనండి, గొడవ వదిలిపోతుంది (కాల్విన్‌తో కలిసి దీన్ని కనిపెట్టిన బెన్సన్, బాషమ్‌ల పేర్లు కూడా కలపాలి నిజానికి, 1961 నోబెల్ మాత్రం కాల్విన్ ఒక్కడికే వచ్చింది).

ఇంకోటి, ఈ చక్రంలోంచి నేరుగా గ్లూకోజ్ ఊడిపడదు. వచ్చేది మూడు కార్బన్ల చక్కెర ఫాస్ఫేట్, దాంతో కొంత క్లోరోప్లాస్ట్‌లోనే పిండిపదార్థంగా దాచుకుంటుంది, కొంత బయటికి పంపి సుక్రోజ్‌గా మార్చి వేరుకీ గింజకీ పంపిస్తుంది. దాచిన పిండిని రాత్రికి కరిగించి వాడుకుంటుంది. రాత్రి డ్యూటీ అంటే అదీ.

అపోహ: రావిచెట్టు, స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయి

పైన చెప్పిందే మళ్లీ చూడండి, ఆక్సిజన్ వచ్చేది నీళ్లు విరిగితే, నీళ్లు విరగాలంటే వెలుతురు ఉండాలి. చీకట్లో ఏ చెట్టూ ఇవ్వలేదు, నర్సరీవాడు ఎంత చెప్పినా. స్నేక్ ప్లాంట్, కలబంద, అనాస, రణపాల లాంటివి చేసేది వేరే పని. రాత్రి ఆకురంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పట్టి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి, పగలు రంధ్రాలు మూసుకుని ఆ సరుకుతో చక్కెర చేసుకుంటాయి, అంటే ఎండలో నీళ్లు ఆవిరైపోకుండా ఒక ఎత్తు అన్నమాట. ఆక్సిజన్ మాత్రం అప్పుడూ పగలే పుడుతుంది.

దీంట్లో మన గోదావరి వైపు లింకు ఒకటుంది. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త తర్వాత సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటలు చూసుకున్న బెంజమిన్ హైన్ అనే ఆయన రణపాల ఆకు పొద్దున నమిలితే పుల్లగా ఉంటుందని, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందని 1813లో ఉత్తరం రాశాడు. కారణం ఆయనకి తెలీదు, నాలుకతో పట్టుకున్నాడంతే. మా ఇంటి వెనక కుండీలో ఉంది ఆ మొక్క, ఏటా పిల్లలకి తీసుకెళ్లి చిన్న ముక్క రుచి చూపిస్తాను, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి, ఇక జన్మలో మర్చిపోరు.

అలాగే రాత్రి చెట్టు కింద పడుకుంటే ఊపిరాడక చస్తారన్నది కూడా ఉత్తదే. మొక్క రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది, అయితే అది వదిలేది చాలా తక్కువ, పక్కన పడుకున్న మనిషే ఎక్కువ వదులుతాడు.

అపోహ: ఎర్ర ఆకుల్లో క్లోరోప్లాస్ట్‌లు ఉండవు

ఎర్ర తోటకూర ఉడకబెట్టండి. ఎరుపు నీళ్లలోకి దిగిపోతుంది, ఆకు ఆకుపచ్చగా తేలుతుంది, ఆ ఆకుపచ్చ ఉండేది క్లోరోప్లాస్ట్‌లలోనే.

అపోహ: ఎరువే మొక్కకి తిండి, మొక్క బరువంతా మట్టిలోంచి వస్తుంది

మా నాన్న ఇప్పటికీ యూరియా వేసొచ్చి "చేనికి తిండి పెట్టొచ్చా" అంటాడు, నేనూ ఎదురు చెప్పను. కానీ వాన్ హెల్మాంట్ అనే ఆయన నాలుగొందల ఏళ్ల కిందటే కుండీలో విల్లో మొక్క పెట్టి ఐదేళ్లు నీళ్లు పోశాడు, 5 పౌన్ల మొక్క 169 పౌన్లయింది, 200 పౌన్ల మట్టిలో తగ్గింది రెండు ఔన్సులు. ఆయన బరువంతా నీళ్లదే అనుకున్నాడు, గాలి సంగతి ఆయనకి తట్టలేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది 0.04 శాతం చిల్లర, ఆ కాస్తలోంచే అంత మాను తయారవుతుంది. నమ్మకపోతే పొయ్యిలో కట్టె కాల్చి చూడండి, మట్టిలోంచి వచ్చింది ఇంచుమించు ఆ గుప్పెడు బూడిదే, మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోయింది.

అపోహ: ఎండ ఎంత ఎక్కువైతే ఆకు అంత ఎక్కువ పనిచేస్తుంది

జొన్న, మొక్కజొన్న, చెరకు లాంటి సి4 పంటలకి (కార్బన్ డయాక్సైడ్‌ని ముందు నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టేవి) చాలావరకు నిజం. వరి ఆకు మాత్రం సుమారు సగం ఎండకే చాలంటుంది, ఆపైన వచ్చే వెలుతురు దానికి బరువు. అందుకే ఎండ ముదిరితే కణంలో క్లోరోప్లాస్ట్‌లు పక్క గోడలకి జరిగి ఒకదాని నీడలో ఒకటి నిలబడతాయి, మన పశువులు మధ్యాహ్నం చెట్టు కింద చేరినట్టే. అయినా నీళ్లు విరిగే చోట ఉండే డి1 అనే ప్రోటీన్ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది, పాతది పీకి కొత్తది వేసుకుంటూనే ఉంటుంది. మొక్కజొన్నలో కొట్టే అట్రజిన్ కలుపుమందు వెళ్లి కూర్చునేది ఈ డి1 మీదే, ఎలక్ట్రాన్ల దారి మూసుకుపోయి కలుపు చస్తుంది, మొక్కజొన్న మాత్రం ఆ మందుని తనలోనే విషం లేకుండా మార్చేసుకుని బతుకుతుంది. పారాక్వాట్ అనే గడ్డిమందు సంగతి ఇంకో రకం, అది మొదటి ఫోటోసిస్టమ్ (పొరల్లో వెలుతురు పట్టే రెండు కేంద్రాల్లో ఒకటి) దగ్గర ఎలక్ట్రాన్లు కొట్టేసి ఆక్సిజన్‌కి అంటగడుతుంది, అందుకే ఎండలో కొడితే సాయంత్రానికే గడ్డి మాడిపోతుంది. మనిషి తాగితే దానికి విరుగుడు లేదు, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి, చాలా ఇళ్లు మునిగాయి.

అపోహ: ఆకు పచ్చబడిందంటే యూరియా తక్కువైనట్టే

ఇక్కడ పచ్చబడడం అంటే పసుపు రంగుకి రావడం, ఈ మాటతో కూడా గొడవే మనకి. ముందు ఏ ఆకు అన్నది చూడాలి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువైనట్టు, యూరియా ఇచ్చేది అదే. ముదురాకుల్లోనే ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే మెగ్నీషియం అవ్వొచ్చు, పత్రహరితం నడిబొడ్డున ఉండేది అదే. కొసన లేతాకులు పాలిపోతే ఇనుము అవ్వొచ్చు. పత్రహరితంలో ఇనుము ఉండదు, కానీ దాన్ని తయారుచెయ్యడానికి ఇనుము కావాలి, ఒకసారి ముదురాకులో చేరిన ఇనుము లేతాకుకి సులువుగా రాదు. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగకి వచ్చేది ఇదే, భూమిలో ఇనుము ఉంటుంది గానీ వేరుకి అందదు, యూరియా ఎంత చల్లినా రంగు రాదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చెయ్యండి, వారం ఆగి కొత్త ఆకు రంగు చూసి అవసరమైతే మళ్లీ కొట్టండి.