చెయ్యి ఎత్తింది ఎవరు?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది కదా, "తాతయ్యా, ఎత్తాలని అనుకోగానే నా చెయ్యి ఎలా లేస్తుంది?" అని. నరాలు, కండరాలు అంటూ ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ అది అడిగింది నరాల గురించి కాదు, ఆ 'అనుకోవడం' గురించి. రాత్రి పడుకున్నాక గానీ నాకు వెలగలేదు.

ఇదే ప్రశ్న 1643 మే నెలలో ఓ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఉత్తరం రాసి అడిగింది. ఆమె బొహీమియా రాకుమారి ఎలిజబెత్. తండ్రి రాజ్యం పోగొట్టుకోవడంతో ఆ కుటుంబం హాలండ్‌లోని హేగ్ నగరంలో తలదాచుకుంది. ఉత్తరం అందుకున్నది ఫ్రాన్స్ దేశపు తత్వవేత్త డెకార్ట్.

ఆయన 1641లో అచ్చువేసిన పుస్తకంలో మనసు, శరీరం రెండు వేర్వేరు ద్రవ్యాలని వాదించాడు. ద్రవ్యమంటే ఇక్కడ డబ్బు కాదు, మీ ఫిజిక్స్‌లో వచ్చే ద్రవ్యరాశీ కాదు. ఉండడానికి ఇంకొకదాని మీద ఆధారపడనిది అని. శరీరం చోటు ఆక్రమిస్తుంది, దానికి పొడవూ వెడల్పూ ఉంటాయి. మనసుకు ఆలోచన తప్ప అవేవీ లేవు.

ఎలిజబెత్ సరిగ్గా అక్కడే పట్టుకుంది. దేన్నైనా కదిలించాలంటే నెట్టాలి, నెట్టాలంటే తాకాలి. చోటే లేని మనసు దేన్ని తాకుతుంది? డెకార్ట్ రాయి బరువుతో పోల్చి జవాబిచ్చాడు. ఏ చెయ్యీ తాకకుండానే బరువు రాయిని కిందికి దించుతుందని మనం అనుకోవడంలేదా అని. ఆమెకు అది ఆనలేదు, నాకూ ఆనలేదు. ఆత్మ కూడా పదార్థమేనని, దానికీ చోటు ఉందని ఒప్పుకోవడమే తనకు తేలికగా ఉందని ఆమె తిరిగి రాసింది. 1649 నాటి పుస్తకంలో ఆయన మెదడు మధ్యలోని ఒక చిన్న గ్రంథి దగ్గర ఆ రెండూ కలుస్తాయన్నాడు. ఎక్కడ కలుస్తాయో చెప్పాడు గానీ, ఎలాగో చెప్పలేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, కటకాలు సానబట్టి బతికిన స్పినోజా ఆ గ్రంథి మాటను బాగా ఎగతాళి చేశాడు. నిజానికి ఆయన పట్టుకున్న తీగ డెకార్ట్ దగ్గరే ఉంది. ద్రవ్యానికి ఇందాక చెప్పిన ఆ నిర్వచనాన్ని అక్షరాలా తీసుకుంటే దేవుడొక్కడే ద్రవ్యమవుతాడని డెకార్టే 1644లో ఒప్పుకుని, మనసునూ శరీరాన్నీ మాత్రం దేవుడి ఆధారం తప్ప మరొకటి అక్కర్లేనివంటూ సర్దుబాటు చేసుకున్నాడు. స్పినోజా ఆ సర్దుబాటు వద్దన్నాడు. ఉన్నది ఒకటే ద్రవ్యం, దేవుడన్నా ప్రకృతి అన్నా అదే. ఆలోచన దాని ఒక లక్షణం, చోటు ఆక్రమించడం ఇంకో లక్షణం. చిన్నదాని కోరికా, లేచిన చెయ్యీ ఒకే సంగతికి రెండు రూపాలు. ఒకటి ఇంకొకదాన్ని నెట్టే పనే లేదు. ఇదంతా ఉన్న 'ఎథిక్స్' అనే పుస్తకం ఆయన పోయిన 1677లోనే, పోయాకే అచ్చయింది.

బామ్మ "మన అద్వైతమేగా" అంటుంది. తొందరపడకండి. మన దగ్గర అద్వైతానికి ఎదురు నిలిచింది ద్వైతం. మధ్వాచార్యుల ఆ ద్వైతంలో ప్రధానంగా వేరుచేసేది దేవుణ్ణీ జీవుణ్ణీ. డెకార్ట్ వేరుచేసింది మనసునూ శరీరాన్నీ. తగువే వేరు.

స్పినోజాతోనూ నాకొక పేచీ ఉంది. ఆయన లెక్కన మీరూ నేనూ విడివిడి ద్రవ్యాలం కాము, సముద్రం మీద అలల్లాంటి వాళ్లం. మరి ఆ రోజు ఫోన్‌లో జవాబు తెలియక నీళ్లు నమిలింది నేనొక్కణ్ణే ఎందుకయ్యాను?

తాతయ్య