సగం కరెంటుతోనే అసలు చిక్కు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేశాక మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. వచ్చింది కూడా వెంటనే నిలబడలేదు. బల్బు ఎర్రగా వెలిగేది, ఆరిపోయేది, మళ్ళీ వెలిగేది. వోల్టేజీ కుదురుకున్నాక చూస్తే వాషింగ్ మెషీన్ కదలడం లేదు. మోటారు బాగానే ఉంది, బోర్డు మీది చిప్‌లో దాచిన సెట్టింగులు చెడిపోయాయని మెకానిక్ తేల్చాడు.

కరెంటు పూర్తిగా పోతే అలాంటి బోర్డును నడిపించే చిప్, అంటే మైక్రోప్రాసెసర్, ఆగిపోతుంది, అంతే. అసలు భయం సగం కరెంటుతోనే. 5 వోల్టులతో నడవాల్సిన చిప్‌కు 3 వోల్టులే అందితే లోపలి ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి. కొన్ని భాగాలు పనిచేస్తాయి, కొన్ని చేయవు. మెమరీలో ఉన్న ఆదేశం ఒకటైతే ప్రాసెసర్ చదివేది ఇంకొకటి. అలా దారి తప్పి, మెమరీలో రాసే ఆదేశం మీద పడిందంటే సెట్టింగులు పోయినట్టే.

అలాంటప్పుడు ప్రాసెసర్‌ను కదలకుండా పట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి నడిపించడానికే దానికి రీసెట్ పిన్ అనే కాలు ఉంది. పాత పద్ధతిలో ఆ పిన్‌కు ఒక రెసిస్టర్, ఛార్జి నిలవ ఉంచుకునే ఒక కెపాసిటర్ తగిలించేవారు; కెపాసిటర్ నిండేదాకా ప్రాసెసర్ ఆగి ఉండేది. కొత్తగా స్విచ్ వేసినప్పుడు అది సరిపోతుంది. కానీ వోల్టేజీ రెప్పపాటు పడి లేస్తే కెపాసిటర్ ఖాళీ అయ్యే వ్యవధే ఉండదు, రీసెట్ జరగదు.

అందుకే వోల్టేజీ మీద కన్నేసి ఉంచే చిప్ పుట్టింది. మాక్స్809 లాంటి దానికి మూడే కాళ్ళు. లోపల ఎండకూ చలికీ పెద్దగా మారని ఒక కొలత వోల్టేజీ ఉంటుంది, దానితో సరఫరాను పోల్చి చూస్తూ ఉంటుంది. 5 వోల్టుల రకంలో సరఫరా 4.63 వోల్టుల కిందికి జారగానే రీసెట్ పిన్ ద్వారా ప్రాసెసర్‌ను ఆపేస్తుంది. తిరిగి పైకి వచ్చినా వెంటనే వదలదు, కనీసం 140 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఈలోగా సరఫరా, ప్రాసెసర్‌కు గడియారంలా లయ అందించే క్రిస్టల్ రెండూ కుదురుకుంటాయి. మధ్యలో మళ్ళీ పడితే లెక్క మొదటికి! నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇంకొకటి: సరఫరా 1 వోల్టుకు పడిపోయినా ఈ చిప్ తన పట్టు వదలదు. ప్రాసెసర్ తడబడే చోట కూడా కాపలాదారు మెలకువగా ఉండాలి కదా.

చిన్న ప్రాజెక్టుల్లో వాడే ఏటీమెగా328 వంటి చిప్‌లలో ఈ కాపలా లోపలే ఉంటుంది. ఏటీమెగా328లో ఏ వోల్టేజీ కిందికి జారితే ఆపాలో 1.8, 2.7, 4.3 వోల్టుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. అయితే విడిగా కొన్న చిప్‌లో అది ఆఫ్ చేసి ఉంటుంది. ప్రాజెక్టులు చేసే పిల్లలు ఆ ఒక్క సెట్టింగు తప్పక చూసుకోవాలి. తుఫాను తీరంలో వాడే వస్తువు అయితే మరీను.