లెన్స్ అంటే ఒకటా, రెండా? కెమెరా షాపులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

కోఠిలో కెమెరాలు, లెన్సులు కిరాయికి ఇవ్వడం నా పని. మొన్న మాఘంలో ఒక ఫొటోగ్రాఫర్ రాత్రి పదింటికి వాట్సాప్‌లో ‘70-200 లెన్స్ పంపండన్నా’ అని పెట్టాడు. 70-200 అంటే లెక్క కాదు, దూరంలో ఉన్నవాళ్లను దగ్గరగా చూపే జూమ్ లెన్స్ రకం పేరు. మా తమ్ముడు ఒకటి ప్యాక్ చేసి పంపాడు. తెల్లారి నాలుగింటికి శంషాబాద్ ఫంక్షన్ హాల్ నుంచి ఫోన్. “రెండోది ఏదన్నా? ఇద్దరం షూట్ చేస్తున్నాం. లెన్స్ అనే పెట్టాను కదా, చివర ఎస్ ఉంది!” బైక్ మీద రెండోది పంపి, జీలకర్ర బెల్లం టైముకు అందిందని తెలిసేదాకా మాకు టెన్షనే.

అపోహ: లెన్స్ బహువచనం, ఒక్కటైతే ‘లెన్’.

వాస్తవం: ఆ ఎస్ బహువచనం గుర్తు కాదు, మాటలోనే ఉంది. లాటిన్‌లో లెన్స్ అంటే మసూర్ పప్పు. మన హైదరాబాదీ ఖిచిడీలో పడేదే. దాని శాస్త్రీయ నామం ఇప్పటికీ లెన్స్ కులినారిస్. పొట్టు తీయని మసూర్ గింజను వేళ్ల మధ్య పట్టుకుని పక్కనుంచి చూడండి. నడుమ రెండు వైపులా ఉబ్బి, అంచుకొచ్చేసరికి సన్నబడుతుంది. బడిలో బొమ్మ గీసిన కుంభాకార కటకం అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ పోలిక వల్లే గాజుకు గింజ పేరు వచ్చింది.

అపోహ: లోపల చాలా గాజులుంటాయి కాబట్టి లెన్స్ అంటే బహువచనమే.

వాస్తవం: కెనాన్ కంపెనీ 70-200 ఎఫ్2.8 మోడల్ రెండో వెర్షన్‌లో 23 ఎలిమెంట్లు, అంటే విడి బిళ్లలు, ఉంటాయి. అయినా కెమెరాకు బిగించేది ఒకటే, కిరాయి కట్టేది ఒకదానికే. అది ఒక లెన్స్.

ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎల్-ఇ-ఎన్-ఎస్, నాలుగే అక్షరాలు. చివర ఇంకో ఇ పెట్టి రాసే బోర్డులు చాలా చూస్తుంటాను. ఇంగ్లీషు బహువచనం లెన్సెస్‌లోంచి చివరి ఎస్ ఒక్కటే తీసేస్తే ఏకవచనం వస్తుందనుకోవడం వల్ల ఆ ఇ మిగిలిపోతుంది. ఆ రూపాన్ని కూడా చూపే డిక్షనరీ లేకపోలేదు. కానీ డబ్బా మీద కంపెనీలు రాసేది నాలుగక్షరాలే. విజిటింగ్ కార్డు మీదా అలాగే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

తెలుగులో లెన్స్ అన్నా, లెన్సు అన్నా సరే. బస్సు, బస్సులు లాగా లెన్సు, లెన్సులు. ‘లెన్సెస్‌లు’ అంటే మాత్రం బహువచనం మీద బహువచనం. ‘ఫొటోస్‌లు’ కూడా అంతే, ఫొటోలు చాలు. అచ్చంగా కావాలంటే కటకం, కటకాలు ఉండనే ఉన్నాయి, కౌంటర్ దగ్గర ఎవరూ అనరు గానీ.

ఆ పెళ్లి తర్వాత మా బిల్లు పుస్తకంలో ‘70-200 లెన్సు, 2 (రెండు)’ అని అంకె, అక్షరం రెండూ రాస్తున్నాం. మెసేజ్‌లో అంకె లేకపోతే, ఎంత రాత్రయినా తిరిగి ఫోన్ చేసి అడుగుతున్నాం.