పల్లీల డబ్బ

బుజ్జమ్మకు, చిన్నోడికి అమ్మమ్మ దీవెనలు.

దసరా సెలవులైపోయి మీరు పట్నం పోయి పదిరోజులాయె. ఫోన్‌ల చెప్దామంటె చిన్నోడు "ఊఁ ఊఁ" అనుకుంటనే ఆటకు ఉరుకుతడు, అందుకే రాస్తున్న. బుజ్జమ్మా, నువ్వు చదివి వినిపియ్యి. జర గట్టిగ చదువు, కొన్ని మాటలు మీ అమ్మకు.

ముందుగాల నా తప్పు ఒప్పుకుంట. మీరొచ్చిన తెల్లారే నేనే కిరాణం దుకాణానికి పోయి, చిప్స్ ప్యాకెట్ల దండ తెచ్చి వంటింటి తలుపు పక్క మొలకు తగిలేసిన. పల్లీల డబ్బేమో అటక మీద. ఇగ మీరు రొట్టె ముట్టలేదని, బువ్వ ఇడిసిపెట్టిండ్రని ఒర్రుడు. నాలుగో రోజు నాకే తట్టింది. దండ తీసేసి, ఆ మొల కిందనే పీట మీద ఏంచిన పల్లీలు, రెండు బెల్లం ముక్కలు పెట్టిన. ఎవ్వరికీ ఏం చెప్పలేదు. పొద్దుమీకి చూస్తె గిన్నెల పొట్టు మిగిలింది.

ఇసొంటిదే మన నల్గొండ జిల్లల పెద్దగ జరిగింది. నా చిన్నతనంల దేవరకొండ దిక్కు మెట్ట చేన్లల్ల జొన్నలు, సజ్జలు, తైదలే (రాగులు). పొద్దున అంబలి, రాత్రికి రొట్టెనో గటుకనో. వరిబువ్వ పండుగకే. 1983ల ఎన్టీఆర్ సర్కారు 2 రూపాయలకు కిలో బియ్యం ఇస్తె ఎంత సంబురపడ్డమో! బియ్యాన్ని తిట్టను, ఎన్నో కడుపులు నింపింది. ఇసుర్రాయి తిప్పుడు తప్పి ఆడోళ్ళ రెక్కలకు గూడ సుఖమైంది. గని తెల్లబువ్వ చేతికందినంక జొన్నలు అటకెక్కినయి. ఇప్పుడు నాకు షుగరొచ్చి, డాక్టరమ్మ బువ్వ తగ్గించి రొట్టె తినమంటె నవ్వొచ్చింది. పడుచుతనంల నేను మూతి తిప్పుకున్నది ఆ రొట్టెకే.

బుజ్జమ్మా, వెనక వాడ తాతకు నడుమెందుకు వంగింది, పండ్ల మీద ఆ మచ్చలేంది అని అడిగినవు గద. అది ఫ్లోరైడ్. తాగే నీళ్ళల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. మర్రిగూడ దిక్కు బోరు నీళ్ళల్ల అంతకన్న మస్తు ఎక్కువుండె. పటిక, సున్నం కలిపి ఆ నీళ్ళను బాగుచేసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. మన జిల్ల పేరు గట్ల గూడ పుస్తకాలకెక్కింది! ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి గని, అప్పట్ల తిండిల కాల్షియం తక్కువైన పిల్లలకు ఆ బోరు నీళ్ళు ఇంకింత చేటు చేసినయి. పాలు కొనలేని ఇంట్ల తైదంబలి ఉండుడు చిన్న సంగతి గాదు. 100 గ్రాముల తైదలల్ల కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటి ఉంటది, అన్నే తెల్లబియ్యంల 10 మిల్లీగ్రాములు గూడ దాటది.

బిడ్డా (ఇది మీ అమ్మకు), సజ్జలల్ల, ఆకుకూరలల్ల ఇనుముంటది గని ఊకెనే ఒంటికి పట్టది. సి విటమిన్ తోడు కావాలె. గంగవాయిలి కూర పప్పు తినేటప్పుడు పైనుంచి ఒక నిమ్మచెక్క పిండు. నిమ్మకాయలకు నకిరేకల్, బత్తాయిలకు నల్గొండ. మనకేం కరువు? తిన్న ఎంబడే చాయ్ తాగుడు మానుకో, అది ఇనుమును పట్టనియ్యది. కూల్‌డ్రింక్ సంగతి ఒక్కమాట: చిన్న సీసల గూడ అయిదారు చెంచల చక్కెరుంటది. చాయ్‌ల అంత చక్కెరేస్తె నువ్వు తాగుతవా?

ఇగ రొట్టె. ఎసరు మసలంగనే పిండిల పోసి, గంటెతోని కలిపి, చెయ్యి ఓర్చుకునేటంత వేడి ఉండంగనే పిసుకాలె. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు, సల్లనీళ్ళు పోస్తె అంచులు పలుగుతయి. చిన్నోడా, నువ్వు కొట్టిన రొట్టెకు రెండు బొక్కలు పడితె కండ్లకు అద్దాల లెక్క పెట్టుకొని ఇల్లంత తిరిగినవు. ఆఖరుకు ఆ అద్దాలు తిన్నది నువ్వే! అంతకుముందు మూడు రోజులు అదే రొట్టె నోట్లకెళ్ళి ఉమ్మేసినోనివి. కొత్త రుచి పది మార్లు తగిలితె గని కొందరు పిల్లలకు అలవాటు గాదు. కుక్కి పెడితె పదకొండో మారు నోరే తెరువరు. బుజ్జమ్మ రెండో రోజే తిన్నది, ఆమెతోని నిన్ను పోల్చుడు గూడ నా తప్పే.

రేపు మీ మామ బస్సుల వస్తుండు. తైదపిండి 2 కిలోలు, ఏంచిన పల్లీలు పంపుతున్న. అంబలి కాసేటప్పుడు పిండిని ముందు సల్లనీళ్ళల్ల కలుపుకోవాలె, లేకుంటె ఉండలు కడతది. పల్లీల డబ్బ టీవీ పక్కన పెట్టుండ్రి, చిన్నోని చేతికి అందాలె. సంక్రాంతికి రాంగ ఖాళీ డబ్బ తేండ్రి, మూత మరువకుండ్రి. పోయినసారి డబ్బ మూత ఇంక మీ ఇంట్లనే ఉన్నది.

మీ అమ్మమ్మ