‘ద బార్బర్ ఆఫ్ సెవిల్’: రొజీనా అమాయకురాలా?

నేను పాశ్చాత్య గాత్రం నేర్పుతాను. ఇటాలియన్ స్వరకర్త రొస్సీని రాసిన ఈ ఒపెరాలోని (పాటలతో నడిచే నాటకంలోని) కథానాయిక రొజీనా పాట కావాలని వచ్చే విద్యార్థులు ఎప్పుడూ ఉంటారు. పాటతోపాటు కొన్ని అపోహలనూ వెంట తెచ్చుకుంటారు.

అపోహ: రొజీనా నోరులేని పిల్ల. ఆమెను గట్టెక్కించేది క్షురకుడు ఫిగారో తెలివే.

సంరక్షకుడైన డాక్టర్ బార్తొలో ఆమెను తానే పెళ్లి చేసుకోవాలని ఇంట్లో కట్టడి చేసిన మాట నిజం. బల్ల మీది తెల్లకాగితాలు కూడా లెక్కపెట్టే మనిషి ఆయన. అయినా మొదటి అంకం చూడండి. ప్రియుడు కౌంట్ అల్మవీవాకు రెండు ముక్కలు రాసివ్వమని ఫిగారో బతిమాలతాడు. ఆమె కాసేపు సిగ్గుపడి, అప్పటికే రాసి ఉంచిన ఉత్తరం తీసి అతని చేతిలో పెడుతుంది. ఈమెకా నేను పాఠాలు చెప్పబోయాను అని విస్తుపోవడం అతని వంతవుతుంది.

అంతకుముందు ఆమె పాడే ‘ఉనా వోచె పోకో ఫా’లో ‘మా’ అనే చిన్న మాట ఉంది. ఇటాలియన్‌లో ‘కానీ’ అని అర్థం. నేను అణకువ గలదాన్ని, చెప్పినట్టు వింటాను అని తియ్యగా పాడుతూ వచ్చి, ఆ ‘మా’తో మలుపు తిప్పి, నా జోలికొస్తే కాలసర్పాన్నవుతాను అంటుంది. ఆ ఒక్క అక్షరాన్ని విద్యార్థుల చేత ఎన్నిసార్లు పాడిస్తానో లెక్కలేదు. కోపంగా అంటే పాత్ర చెడుతుంది. ముఖంలో నవ్వు చెదరకూడదు, గొంతులో మాత్రం తీరు మారాలి.

అపోహ: రొజీనాది సొప్రానో, అంటే ఆడవాళ్లలో అన్నిటికన్నా పై స్థాయి గొంతు, పాడే పాత్ర.

కాదు. 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లోని ఆర్జెంటీనా థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగినప్పుడు రొజీనాగా పాడింది మంద్రస్వరం గల జెల్త్రూదె రిగెత్తి జోర్జి. రొస్సీని రాసింది ఆ గొంతుకే. తరువాత సొప్రానోలు ఈ పాటను అర మెట్టు పైకి జరిపి పాడారు. వాళ్లు పాడకూడదని అనను. కానీ కింది స్వరాలలో ఉన్న నిబ్బరం పై స్వరాల మెరుపులో దొరకదని నా నమ్మకం.

అపోహ: తెర లేవక ముందు వినిపించే ఓవర్చర్ ఈ కథ కోసమే పుట్టింది.

రొస్సీని దాన్ని 1813 నాటి గంభీరమైన ఒపెరా ‘ఔరెలియానో ఇన్ పాల్మీరా’ నుంచి తెచ్చుకున్నాడు.

అపోహ: ప్రేమికుల ఎత్తు పారడం వల్లే బార్తొలో ఓడిపోతాడు.

అసలు ఎత్తు కిటికీలోంచి నిచ్చెన దిగి పారిపోవడం. అది పారనే లేదు, నిచ్చెనను బార్తొలో తీసేశాడు. పారిపోయే దారి లేక వాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. అంతలో బార్తొలో తన పెళ్లి కోసం పిలిపించిన, పెళ్లి ఒప్పందం రాసే నోటరీ వచ్చాడు. ఆ నోటరీ సమక్షంలోనే రొజీనాకు కౌంట్ అల్మవీవాతో పెళ్లి జరిగిపోయింది. ఒపెరాకు మొదట పెట్టిన పేరులో ‘పనికిరాని జాగ్రత్త’ అనే మాట ఊరికే రాలేదు.

నిచ్చెన పోయిందని తెలియడానికి ముందు రొజీనా, అల్మవీవా, ఫిగారో ముగ్గురూ ‘జిత్తి జిత్తి, పియానో పియానో’ అంటూ, చప్పుడు చేయకుండా త్వరగా వెళ్లిపోదామని పాడుతూనే ఉంటారు, కదలరు. ఇక్కడ గొంతు పెంచవద్దని పట్టుబడతాను. గుసగుసలాగే ఉండాలి, ప్రతి హల్లూ చివరి వరుసకు వినపడాలి.