పడవలో మంచినీళ్ల ట్యాంకు: కాశిమేడులో నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చెన్నై కాశిమేడులో బోట్లు ఒడ్డెక్కి మరమ్మతులు చేయించుకునే రోజులవి, మా వెల్డింగు షాపుకి ఊపిరాడని రోజులు. ఇంజనుకీ వలకీ ఐసు గదికీ లెక్క చూడకుండా ఖర్చుపెట్టే ఓనర్లు మంచినీళ్ల ట్యాంకు దగ్గరకొచ్చేసరికి "ఏదో ఒక డబ్బా చేసెయ్ అన్నా" అంటారు. పది పన్నెండు రోజులు సముద్రం మీద ఉండే కళాసీలు తాగేది ఆ డబ్బాలో నీళ్లే. వాళ్లలో మన నెల్లూరు, శ్రీకాకుళం కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

"అయస్కాంతం అంటుకోలేదు, కాబట్టి మంచి స్టీలే"

నేను ఎక్కువగా వినే మాట ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలులో 304, 316 అని రెండు రకాలుంటాయి. 304కీ అంటుకోదు, 316కీ అంటుకోదు. పైగా 304 రేకుని వంచినచోట కొంచెం అంటుకుంటుంది కూడా. అంచేత అయస్కాంతంతో ఈ రెండింటినీ వేరు చేయలేం. అసలు తేడా 316లో ఉండే 2–3 శాతం మాలిబ్డినం. ఉప్పుగాలికి స్టీలు మీద సూదిబెజ్జాల్లాంటి గుంటలు పడతాయి, వాటిని అడ్డుకునేది అదే. రేకు కొన్నప్పుడు అది ఏ రకమో చెప్పే మిల్లు సర్టిఫికెట్టు అడగండి, లేదా చుక్క వేస్తే రంగు మారే పరీక్ష మందుతో చూడండి. దొరికితే 316ఎల్ తీసుకోండి. అందులో కార్బన్ 0.03 శాతం మించదు కాబట్టి వెల్డింగు వేడి తగిలిన అంచులు తొందరగా తుప్పుకి లొంగవు.

మంచి రేకు తెచ్చి వెల్డింగు పాడుచేసినవాళ్లని కూడా చూశాను. బయట అతుకు వెండిలా మెరుస్తుంది. లోపలివైపు వేలు పెట్టి రాస్తే పంచదార పలుకుల్లా గరగరలాడుతూ నల్లటి పెచ్చు తగులుతుంది. వెనకవైపు ఆర్గాన్ (వేడి అతుక్కి గాలి తగలకుండా కాపాడే వాయువు) పట్టకుండా వెల్డింగు చేస్తే వచ్చేది అది. పాచి మొదట పట్టేదీ, గుంట మొదట పడేదీ ఆ గరుకులోనే. లోపల కూడా ఆర్గాన్ పెట్టాలి, అతుకులో కరిగించి నింపే ఫిల్లరు కడ్డీ కూడా 316ఎల్‌దే వాడాలి, తర్వాత అతుకుల మీద నల్లదనం వదిలించే పిక్లింగ్ పేస్టు రాసి బాగా నీళ్లతో కడగాలి. ఆ పేస్టు ఘాటైన ఆసిడ్. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

"ఫైబరు బోటుకి వాడిన రెసినే ట్యాంకుకీ చాలు"

చాలదు. ఫైబరుని పట్టి ఉంచే జిగురే రెసిన్. మామూలు పాలియెస్టర్ రెసిన్ సరిగ్గా గట్టిపడకపోతే అందులోని స్టైరీన్ అనే రసాయనం నీళ్లలోకి దిగుతుంది. ఆ వాసన మీకు తెలిసే ఉంటుంది. తాగునీటికి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన ఐసోఫ్తాలిక్ రెసిన్ గానీ వినైల్ ఎస్టర్ గానీ వాడాలి. ట్యాంకుని వేడిలో పూర్తిగా పండనివ్వాలి, అంటే రెసిన్ లోపలిదాకా గట్టిపడాలి, తర్వాత వేడినీళ్లు నింపి పారబోయాలి. నేనైతే మూత బిగించి రాత్రంతా వదిలేసి, తెల్లారి మూత తీసి ముక్కు లోపల పెడతాను. వాసనొస్తే అది ఇంకా పండలేదు.

"నిండా నింపితే బోటు బరువెక్కుతుంది, సగం నింపితే భద్రం"

నీళ్ల బరువు నిజమే. వెయ్యి లీటర్లంటే టన్ను. అయితే కింద, మధ్యలో కదలకుండా నిండుగా ఉన్న టన్నుని బోటు మోస్తుంది. సగం ఉన్న నీళ్లు బోటు ఒరిగిన పక్కకే పరిగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తాయి. ఈ ప్రభావం ట్యాంకు వెడల్పుతో మామూలుగా పెరగదు, వెడల్పు రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. అదే లెక్కలో, 2 మీటర్ల వెడల్పు ట్యాంకుని బోటు పొడవునా మధ్యలో గోడ పెట్టి రెండు చేస్తే ఒక్కో గదిలో ఎనిమిదో వంతు, రెండూ కలిపి నాలుగో వంతే మిగులుతుంది.

ఇక్కడ చాలామంది తడబడతారు. ట్యాంకు లోపల పెట్టే బెజ్జాలున్న అడ్డుపలక నీళ్ల కొట్టుడుని తగ్గిస్తుంది, రేకు అతుకుల్ని కాపాడుతుంది. కానీ బోటు ఒక పక్కకి ఒరిగి అలాగే ఉండిపోతే నీళ్లు ఆ బెజ్జాల్లోంచి మెల్లగా అటే చేరతాయి. దాన్ని ఆపేది బెజ్జం లేని గోడే. అప్పుడు రెండు గదులకీ వేరువేరు వాల్వులుండాలి, ఒకటి ఖాళీ అయ్యాకే రెండోది తెరవాలి.

పంపు ఖర్చు మిగులుతుందని క్యాబిన్ కప్పు మీద 500 లీటర్ల సింటెక్స్ పెట్టించుకునేవాళ్లున్నారు. అరటన్ను నెత్తిన పెట్టుకుని అలల్లోకి వెళ్లడమే అది. నేను ఆ పని ఒప్పుకోను.

"గాలి గొట్టం ఎంత సన్నదైనా ఒకటే"

నీళ్లు నింపేటప్పుడు ట్యాంకులోని గాలి బయటికి పోయేది గాలి గొట్టంలోంచే. నింపే గొట్టం ట్యాంకు పై నుంచి డెక్కు దాకా 2 మీటర్లు ఉందనుకోండి. నీళ్లు పైదాకా వస్తే ట్యాంకు పై రేకు ప్రతి చదరపు మీటరునీ 2 టన్నుల బలంతో పైకి తోస్తాయి. రేకు ఉబ్బకుండా లోపల బద్దీలు వేసేది అందుకే. జెట్టీ మీద పంపు జోరుగా కొడుతుంటే గాలీ, పొంగిన నీళ్లూ బయటికి పోయే దారి సన్నగా ఉంటే ఆ పంపు ఒత్తిడి కూడా దీనికి తోడై పై రేకు ఉబ్బుతుంది. గాలి గొట్టం కొస కిందికి వంచి, సన్న జాలీ కట్టి, అల తగలని చోట పెట్టండి.

"బ్లీచింగ్ ఎంత ఎక్కువేస్తే అంత శుభ్రం"

వెయ్యి లీటర్ల ట్యాంకు కడగడానికి లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ సరిపోతుంది. 30 శాతం బలమున్న పౌడర్ అయితే దాదాపు 170 గ్రాములు. బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకు నిండా ఉన్న నీళ్లలో పోయండి, 4 గంటలుంచి ఆ నీళ్లు పూర్తిగా పారబోసి మంచినీళ్లతో కడగండి. రోజుల తరబడి ఉంచితే క్లోరిన్ స్టీలుని కూడా తింటుంది.

"మూత ఒకటుంటే చాలు"

నా మొదటి ఏళ్లలో ఒక బోటుకి మూడు గదుల ట్యాంకు చేశాను, ఓనరు తొందరపెడితే ఒక్క మూతతో సరిపెట్టాను. ఆరేడు నెలలకి నీళ్లు కుళ్లు కంపు కొడుతున్నాయని బోటు నడిపే సరంగు ఫోన్ చేశాడు. రెండుసార్లు కడిగించినా కంపు పోలేదు. చివరికి పై రేకు కోశాం. మూడో గదిలో అడ్డుపలక కింది మూల నీళ్లు దిగే గంటు నేను పెట్టలేదు. ఆ మూలలో జారుడు బురద వేలెడు మందం పేరుకుని ఉంది, దాని కింద రేకు మీద గోధుమరంగు చుక్కలు. అన్నాళ్లూ వాళ్లు ఆ నీళ్లే తాగారు. ఆ ట్యాంకు కొత్తది చేసి ఇచ్చాను, కూలి తీసుకోలేదు.

ఇప్పుడు ప్రతి గదికీ ఒక మూత, ప్రతి అడ్డుపలకకీ కింది మూలల్లో నీటికి, పై మూలల్లో గాలికి గంట్లు పెడుతున్నాను. పై రేకు అతికించే ముందు దాన్ని ట్యాంకు మీద ఊరికే ఆనించి, ఆ బోటు కళాసీనొకణ్ణి పిలిచి, మూతల బెజ్జాల్లోంచి చెయ్యి పెట్టి ఒక్కో మూలా తాకమంటాను. ఎక్కడైనా "అందట్లేదన్నా" అన్నాడంటే, అక్కడ ఇంకో మూతకి గుర్తు పెడతాను.